దొస్తోయెవ్‌స్కీ

ప్రాచీన గ్రీకులు మూర్ఛను పవిత్రవ్యాధి యని పిలిచిరి. దేవతలే మనుష్యుని పట్టి నేలపై పడవైతురని వారు నమ్మిరి. అది మెదడునందు పుట్టు రోగమే యని హిప్పోక్రటీసు సంప్రదాయమునకు చెందిన వైద్యులు క్రీస్తునకు పూర్వమే చెప్పిరి. ఈ రెండు మాటల నడుమ నలిగిన రచయిత ఫియొదర్ దొస్తోయెవ్‌స్కీ.

ఆయన 1821లో మాస్కో నగరమున, పేదల ఆసుపత్రిలోని యొక వైద్యునకు జన్మించెను. చక్రవర్తి ప్రభుత్వమును విమర్శించు మిత్రబృందమున చేరినందుకు 1849లో ఆయనకు మరణశిక్ష విధించిరి. మొదటి మువ్వురను స్తంభములకు కట్టిరి. ఆయన తరువాతి వరుసలో నుండెను. సైనికులు తుపాకులెత్తిన పిమ్మట శిక్ష మార్చబడినదను వార్త వచ్చెను! పిదప ఓమ్స్క్ కారాగారమున 4 ఏండ్ల కఠినశిక్ష. ఆయన వ్యాధి మూర్ఛయేయని వైద్యులు నిర్ధారించినదియు ఆ సైబీరియా ప్రవాసముననే.

మూర్ఛ వచ్చుటకు ముందు కొన్ని క్షణములు ఆయనకు చెప్పనలవికాని యానందము కలుగుచుండెడిది. విశ్వమంతయు తనతో నేకమైనట్లు, దైవము ఎదుట నిలిచినట్లు తోచెడిది. మరుక్షణముననే శరీరము కొయ్యబారి పడిపోవును. తెలివి వచ్చిన పిదప మిగులునది దిగులు. తానేదియో ఘోరనేరము చేసితినను భ్రాంతి. మిత్రుల పేర్లుకూడ గుర్తురాని మరపు. అయినను ఆ క్షణముల కొరకు పదియేండ్ల యాయుస్సునైన నీయవచ్చునని ఆయన తలచెను.

ఆ యానందము రోగలక్షణమే యైనచో అది అసత్యమా? ఈ ప్రశ్నను 1868లో వెలువడనారంభించిన ‘ఇడియట్’ నవలలోని మిష్కిన్ అను సాధుస్వభావునికి అప్పగించెను. మెదడు మడతలలో దాగియున్న ఇన్సులా అను భాగమును స్వల్పవిద్యుత్తుతో ప్రేరేపింపగా కొందరు మూర్ఛరోగులకు అట్టి యానందమే కలిగినట్లు 21వ శతాబ్దపు వైద్యులు గమనించిరి. పుట్టుచోటు తెలిసినది, మిష్కిన్ ప్రశ్న మాత్రము అట్లే నిలిచినది.

1878లో ఆయన కుమారుడు అల్యోషా, మూడేండ్లు నిండకముందే, గంటల తరబడి విడువని మూర్ఛతో మరణించెను. తన వ్యాధియే బిడ్డకు సంక్రమించినదని తండ్రి కుమిలిపోయెను. దుఃఖోపశమనమునకై ఆప్తినా మఠమునకు పోయి, అచ్చటి వృద్ధసన్న్యాసిని దర్శించి, మరలి వచ్చి ‘కరమజోవ్ సోదరులు’ అను నవలను వ్రాసెను. దైవభక్తి గల కడగొట్టు సోదరునకు బిడ్డ పేరే పెట్టెను. మూర్ఛను మాత్రము వానికీయలేదు. యజమానిని చంపిన వంటవాడు స్మెర్ద్యకోవున కిచ్చెను. ఆ నవల ముగిసిన కొలది నెలలకే, 1881లో, దొస్తోయెవ్‌స్కీ పీటర్స్‌బర్గులో కన్నుమూసెను.