యంత్రాల చదువుకు వెళ్లి బోధకుడై వచ్చిన భక్తసింగ్

పానగల్: టీవీ తెరల మీద మత ప్రసంగాలు వినే అలవాటు పల్లెలకు రాకముందే, వీధుల్లోనూ పందిళ్ల కిందా మాట్లాడి వేలాది జనాన్ని ఆకట్టుకున్న బోధకుడు భక్తసింగ్. హైదరాబాదులోని హెబ్రోను పేరు విన్నవారికి ఆయన పేరు కొత్త కాదు. అయితే ఆయన తెలుగువాడు కాదని, పుట్టుకతో క్రైస్తవుడూ కాదని, చిన్ననాట బైబిలును చించివేసినవాడని చాలామందికి తెలియదు.

భక్తసింగ్ 1903 జూన్ 6న పంజాబులోని జోయియా గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి జవహర్ మల్, తల్లి లక్ష్మీబాయి. సిక్కు మతాచారాలను నిష్ఠగా పాటించే కలిగిన కుటుంబం వారిది. తండ్రికి పత్తి వ్యాపారం ఉండేది. పెద్దకొడుకు ఎదిగి వ్యాపారంలో చేదోడు కావాలని ఆయన ఆశ.

హైస్కూలు చదువు క్రైస్తవ మిషన్ బడిలో సాగింది. ఏడేళ్లు అక్కడ చదివినా ఆ మతమంటే భక్తసింగ్‌కు గిట్టేది కాదు. తోటి విద్యార్థులతో కలిసి క్రైస్తవ పిల్లలను ఎగతాళి చేసేవారు. ఒకసారి పరీక్ష ప్యాసైనందుకు బహుమతిగా బైబిలు ఇస్తే, తోలు అట్ట అందంగా ఉందని దానిని మాత్రం దాచుకుని, లోపలి కాగితాలన్నీ చించివేశారు. తరువాత లాహోరులో కళాశాల చదువు పూర్తి చేశారు.

తల్లికి ఇచ్చిన మాట

పై చదువుకు ఇంగ్లండు వెళ్లాలని భక్తసింగ్ పట్టుబట్టారు. తండ్రి ససేమిరా అన్నారు. వ్యాపారం చూసుకునే వయసులో సముద్రాలు దాటడం ఎందుకన్నది ఆయన వాదన. చివరకు తల్లి కొడుకు పక్షం వహించింది. మతం మార్చుకోనని మాట ఇస్తే తాను సాయపడతానని చెప్పింది. అలాంటి ఆలోచనే లేని కొడుకు వెంటనే మాట ఇచ్చాడు.

1926లో లండన్ చేరి కింగ్స్ కాలేజీలో ఇంజనీరింగులో చేరారు. అక్కడి గాలి సోకడానికి ఎంతోకాలం పట్టలేదు. సిక్కులు ప్రాణప్రదంగా చూసుకునే కేశాలు, గడ్డం తీయించుకున్నారు. పొగ తాగడం, మద్యం పుచ్చుకోవడం అలవాటయ్యాయి. ఖరీదైన దుస్తులు తొడిగి, నాటకాలు చూసి, దేశాలు తిరిగారు. అయినా మనసుకు నెమ్మది చిక్కలేదు.

1928 వేసవిలో విద్యార్థులతో కలిసి ఓడలో కెనడా యాత్రకు బయలుదేరారు. ఓడలో ఒకనాడు క్రైస్తవ ప్రార్థన జరుగుతుంటే కుతూహలం కొద్దీ వెళ్లి కూర్చున్నారు. అందరూ మోకరించారు. లేచి వెళ్లిపోదామని ఒక ఆలోచన. పరుల మసీదుకో గుడికో వెళ్లినప్పుడు అక్కడి మర్యాద పాటించినట్లే ఇక్కడా పాటించాలని మరో ఆలోచన. చివరకు ఆయనా మోకరించారు. తన జీవితం మలుపు తిరిగింది అక్కడేనని తరువాతి కాలంలో ఆయన చెప్పుకునేవారు.

1929లో వ్యవసాయ యంత్రాల ఇంజనీరింగు చదవడానికి మళ్లీ కెనడా వెళ్లి, విన్నిపెగ్ నగరంలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ డిసెంబరులో ఒక మిత్రుణ్ణి బైబిలు అడిగారు. మిత్రుడు తన జేబులోని కొత్త నిబంధన తీసి ఇచ్చాడు. ఒకప్పుడు చించివేసిన పుస్తకాన్నే ఆయన తెల్లవార్లూ కూర్చుని చదివారు. 1932 ఫిబ్రవరి 4న వాంకూవరులో బాప్తిస్మం పొందారు.

బొంబాయిలో తండ్రీకొడుకులు

సంగతి ముందుగానే ఉత్తరం ద్వారా ఇంటికి తెలిసింది. 1933 ఏప్రిల్ 6న ఓడ బొంబాయి చేరేసరికి తల్లిదండ్రులు అక్కడికి వచ్చి ఉన్నారు. ఏడేళ్ల ఎడబాటు తరువాత కొడుకును చూసిన ఆనందం ఒకవైపు, నలుగురిలో తల ఎత్తుకోలేమన్న దిగులు మరోవైపు. కొత్త విశ్వాసాన్ని మనసులోనే ఉంచుకుని బయటికి చెప్పకుండా ఉంటే ఇంటికి రావచ్చని తండ్రి బతిమాలారు. దాచుకుని బతకడం తన వల్ల కాదని కొడుకు బదులిచ్చారు. తల్లిదండ్రులు ఆయనను బొంబాయిలోనే విడిచి వెళ్లిపోయారు.

తల్లికిచ్చిన మాట తప్పానన్న బాధ ఒక పక్క, నమ్మినదాన్ని దాచలేని పట్టుదల మరో పక్క. ఇల్లు, ఆస్తి, పత్తి వ్యాపారం అన్నీ ఆ రోజుతో దూరమయ్యాయి. ఇంజనీరింగు చదివిన మనిషి బొంబాయి వీధుల్లో నిలబడి బోధించడం మొదలుపెట్టారు. జీతం లేదు, వెనుక ఏ మిషన్ సంస్థా లేదు.

1937లో పంజాబులోని మార్టిన్‌పూర్ సభలతో ఆయన పేరు దేశమంతటా తెలిసింది. 1941లో మద్రాసులో సంఘం స్థాపించారు. తరువాత హైదరాబాదులోని హెబ్రోను ఆయన సేవకు కేంద్రమైంది. అక్కడ ఏటా జరిగే సభలకు తెలుగు జిల్లాల నుంచి పల్లెజనం చాపలు, దుప్పట్లతో తరలివెళ్లేవారు. కులం, హోదా తేడా లేకుండా అందరూ నేలమీద ఒకే బంతిలో భోంచేయడం ఆ సభల ఆచారం. చదువుకున్నవారూ, వేలిముద్ర వేసేవారూ పక్కపక్కన కూర్చునేవారు.

భక్తసింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశారు. కాలేజీలో నేర్చిన సేద్యపు యంత్రాల విద్యతో ఆయన బతుకుదెరువు చూసుకోలేదు. పైచదువుకు పిల్లలను దూరం పంపి, తిరిగి వచ్చేనాటికి వారు మారిపోయారని కుమిలే తల్లిదండ్రులు పానగల్ పల్లెల్లోనూ ఉన్నారు. బొంబాయి రేవులో నిలబడిన ఆ తండ్రి బాధ, ఆ కొడుకు బాధ రెండూ వారికి చెప్పకుండానే అర్థమవుతాయి.