బందరు వెంకయ్యగారు

అరుదైన చిత్రములను వెదకు మాకు మొదట స్మరింపదగినవారు మన బందరువారే. 1869లో మచిలీపట్నమున జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు మద్రాసులో ఛాయాచిత్రశాల నడుపుచు, క్రోనోమెగాఫోన్ యంత్రమును తెప్పించి, పొట్టి చిత్రములను ధ్వనితో సహా ఊరూర ప్రదర్శించిరి. బర్మా, సింహళములకును వెళ్లిరి. గెయిటీ మున్నగు సినిమాశాలలు నిర్మించిరి. కుమారుడు ప్రకాశ్‌ను శిక్షణకై విదేశములకు పంపిరి. 1921లో తండ్రికొడుకులు ‘భీష్మప్రతిజ్ఞ’ మూకీని వెలువరించిరి. ఆర్థికముగా చితికి, 1941లో వెంకయ్యగారు కన్నుమూసిరి.

పుణేలో 1964లో ఫిలిం ఆర్కైవ్ ఏర్పడునాటికే మూకీలలో అధికభాగము నశించెను. రీళ్లెన్నో వెండికై కరగింపబడెను. ‘భీష్మప్రతిజ్ఞ’ ప్రతియు దొరకలేదు. ప్రభుత్వము ఆయన పేర పురస్కారము నెలకొల్పినది, సంతోషమే. అయినను డెల్టాలోని ఏ పాత టాకీసు అటకపైనో ఆ చిత్రపు డబ్బా ఒక్కటి బయటపడినచో మాకు అంతకుమించిన సంతోషము.