జ్వరపు జాడ తీసిన వైద్యుడు
(ధ్యానమునకు: సామెతలు 25:2; యోహాను 9:1–7)

దేవుడు అనేక సంగతులను మరుగుపరచి యున్నాడనియు, వాటిని శోధించి తెలిసికొనుట రాజులకు తగిన ఘనత యనియు సామెతల గ్రంథము బోధించుచున్నది. ఆగస్టు మాసము వచ్చినప్పుడెల్ల మేము ఈ బోధతోపాటు సికింద్రాబాదులో పనిచేసిన యొక వైద్యుని జ్ఞాపకము చేసికొనుచుందుము.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. కవిత్వము, సంగీతము మీద మక్కువ గలవాడైనను, తండ్రి కోరికను బట్టి లండనులో వైద్యము చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరెను. మలేరియా చిత్తడి నేలల చెడుగాలివలన కలుగునని ఆ కాలమున జనులు నమ్ముచుండిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తములో దాని క్రిమిని కనుగొనెను గాని, అది ఒకరినుండి మరియొకరికి ఏ దారిని పోవునో తేలలేదు. 1894లో రాస్ సెలవుమీద లండను వెళ్లగా, పాట్రిక్ మాన్సన్ ఆయనకు ఆ క్రిమిని చూపి, దోమను అనుమానింపుమనెను.

1895లో రాస్ సికింద్రాబాదు దండుకు వచ్చెను. కొలది మాసములకే బెంగుళూరులో కలరా ప్రబలగా, ప్రభుత్వము ఆయనను అక్కడికి పంపెను. కలరా జాడ తీయు మార్గము అంతకు పూర్వమే లండనులో తేలియుండెను. 1854లో అక్కడి బ్రాడ్ వీధి ప్రాంతమున మరణములు సంభవించిన ఇండ్లను జాన్ స్నో అను వైద్యుడు గుర్తించి, అవి ఒక నీటి పంపు చుట్టునే గుమిగూడి యున్నవని చూపెను. ఆ ప్రాంతపు దేవాలయములో సహాయ గురువైన హెన్రీ వైట్‌హెడ్ మొదట దానిని నమ్మలేదు. ఇంటింటికి వెళ్లి విచారించిన మీదట అదియే నిజమని ఒప్పుకొనెను. కాపరి తన మందను ఇంటింట ఎరిగియుండుట ఎంత మేలు!

1897లో రాస్ సికింద్రాబాదుకు తిరిగి వచ్చెను. ఆ యేడు ఆయనకును మలేరియా తగిలెను. హుసేన్ ఖాన్ అను రోగిని దోమలచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చెను. గాలి విసరిన దోమలు ఎగిరిపోవునని ఉక్కలోనే కూర్చుండి, ఒక్కొక్క దోమను కోసి సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమలలో ఒకదాని పొట్ట గోడలో ఆ క్రిమి కనబడెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షులమీద పరీక్షించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుతో మరల రక్తములో ప్రవేశించునని చూపెను. మనుష్యుల మలేరియా విషయమై ఇటలీ దేశపు గ్రాస్సీ మొదలైనవారు ఆ యేడే దీనిని స్థిరపరచిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను. 1932 సెప్టెంబరు 16న ఆయన లండనులో మరణించెను.

ఆయనను పరిశుద్ధునిగా చూపుట మా ఉద్దేశము కాదు. కీర్తి విషయమై గ్రాస్సీతో ఏండ్ల తరబడి వాదులాడెను. దారి చూపిన మాన్సన్‌తోను స్నేహము చెడెను. తన శరీరమును దోమల కప్పగించిన హుసేన్ ఖాన్‌ను తలంచువారు అరుదు. ప్రభువు అతనిని ఎరుగును. మంటి పాత్రలలోనే దేవుడు మేలైనదానిని ఉంచుచున్నాడు.

జ్వరము వచ్చిన ఇంటిని చూచి, ఎవరి పాపమో యను అలవాటు మనలో ఇంకను పోలేదు. పుట్టుగ్రుడ్డివాని విషయమై శిష్యులు అట్లే అడుగగా, ప్రభువు ఆ ఆలోచనను త్రోసివేసి, స్వస్థపరచుటకు పూనుకొనెను. మన పల్నాటిలో తొలకరికి రాతి క్వారీల గుంటలు నిండును. కాలువల ప్రక్కను, ఇంటి తొట్లలోను నీరు నిలుచును. గుడ్డు దోమ యగుటకు ఇంచుమించు వారము పది దినములు చాలును. కావున వారమున కొకనాడు ఆ నీటిని పారబోయుదము. జ్వరపడినవారిని ఆలస్యము లేక రక్తపరీక్షకు పంపుదము. రోగి మంచము నొద్ద ప్రార్థించి, పెరటి తొట్టి వంక చూడక వచ్చుట సగము ప్రేమయే.

వెదకు మనస్సును, సేవించు చేతులను ప్రభువు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.