ఆగస్ట్ వైస్‌మన్

తండ్రి గడించిన పొలం కుమారునికి దక్కుతుంది. గడించిన విద్య దక్కదు. మరి కొలిమి దగ్గర సమ్మెట పట్టి పెంచుకున్న కండబలం మాటేమిటి? అదికూడా సంతానానికి సంక్రమిస్తుందని పందొమ్మిదో శతాబ్దపు పండితులలో పలువురు విశ్వసించారు. దేహంలోని ప్రతి భాగం నుండి సూక్ష్మరేణువులు వెలువడి బీజకణాలలో చేరతాయని డార్విన్ సైతం 1868లో ఊహించాడు. ఈ విశ్వాసాన్ని కూకటివేళ్లతో కదిలించినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ వైస్‌మన్.

ఆయన 1834 జనవరి 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో జన్మించాడు. గొట్టింగెన్‌లో వైద్యవిద్య అభ్యసించి, కొంతకాలం వైద్యునిగా పనిచేశాడు. 1863లో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో చేరి, జంతుశాస్త్ర ఆచార్యుడై, 1912 వరకు అక్కడే ఉన్నాడు. సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చూడటమే ఆయన వృత్తి. అటువంటివానికి ముప్పయ్యేళ్లకే కంటిజబ్బు దాపురించింది. ఏళ్ల తరబడి పరిశోధన మానుకోవలసి వచ్చింది. భార్య మేరీ గ్రంథాలు చదివి వినిపించేది. చూపు కొంత కుదుటపడ్డాక హైడ్రాకు బంధువులైన సముద్రజీవులలో బీజకణాల పుట్టుకను పరిశీలించి 1883లో గ్రంథం ప్రకటించాడు. చూపు తిరిగి మందగించినప్పుడు సిద్ధాంత చింతనకే అంకితమయ్యాడు.

బీజకణాలు వేరు, దేహకణాలు వేరు అన్నది ఆయన సిద్ధాంతం. బీజద్రవ్యం తరం నుండి తరానికి ప్రవహిస్తుంది. దేహం దానిని మోసే పాత్ర మాత్రమే. పాత్రకు పడిన సొట్ట లోపలి ద్రవ్యానికి అంటదు.

తోక తెగిన పిల్లికి తోకలేని కూనలు పుట్టాయని కొందరు వాదిస్తున్న రోజులవి. వైస్‌మన్ 1887లో 12 తెల్లఎలుకల తోకలు కత్తిరించి ప్రయోగం ఆరంభించాడు. ఐదు తరాలలో 901 పిల్లలు పుట్టాయి. ఒక్కదానికైనా తోక కురచ కాలేదు! నిజానికి ఇది లామార్క్‌కు పూర్తి సమాధానం కాదు. ఆయన చెప్పింది అవయవాల వాడకాన్ని గురించి, గాయాలను గురించి కాదు. వైస్‌మన్‌కూ మొండిపట్టు లేదు. సీతాకోకచిలుకల రెక్కల రంగును మార్చే వేడిమి, దేహంతోపాటు బీజద్రవ్యాన్ని కూడా నేరుగా తాకవచ్చునని ఆయన అంగీకరించాడు.

1914 నవంబరు 5న ఫ్రైబర్గ్‌లో ఆయన కన్నుమూశాడు. ఆయన గీసిన సరిహద్దును శాస్త్రలోకం శతాబ్దంపాటు మన్నించింది. దానిలో చిన్న సందు ఉన్నదని ఎలుకలే మళ్లీ తెలిపాయి. అమితంగా కొవ్వు తిన్న మగ ఎలుకల శుక్రకణాల నుండి సూక్ష్మ ఆర్.ఎన్.ఎ. తునకలను తీసి, ఫలదీకరణ చెందిన మామూలు అండాలలో ప్రవేశపెట్టిన ప్రయోగఫలితాలు 2016లో వెలువడ్డాయి. పుట్టిన పిల్లలలో చక్కెరను వినియోగించుకునే శక్తి తగ్గింది. డి.ఎన్.ఎ.లోని అక్షరక్రమం మారకుండానే తండ్రి ఆహారపు జాడ బిడ్డకు చేరిందన్నమాట. ఈ తునకలలో కొన్ని, శుక్రకణాలు పరిపక్వమయ్యే ఎపిడిడిమిస్ అనే నాళంలో వాటికి చేరతాయి. ఆ నాళపు గోడలోనివి దేహకణాలే. అవి వెలువరించే సూక్ష్మమైన తిత్తులు ఈ సరకును మోసుకొస్తాయి. డార్విన్ ఊహించిన రేణువులను ఇవి కొంత తలపిస్తాయి. మానవులలో ఇది ఏ మేరకు జరుగుతుందన్నది మాత్రం ఇంకా పరిశోధనలోనే ఉన్నది.