పుట్టుకలో నేరం ఉంటుందా? – వెన్నెలకంటి రాఘవయ్యగారి జీవితం

నేరం ఎందుకు జరుగుతుందనే దానికి ఎవరి సిద్ధాంతం వారికుంది. ఆ సిద్ధాంతం తప్పయితే ఎంతమంది బతుకులు పాడవుతాయో నాకు వెన్నెలకంటి రాఘవయ్యగారి జీవితం చదివాకే తెలిసింది.

ఆయన 1897లో నెల్లూరు జిల్లాలో జన్మించారు. అప్పటికే, 1871లో, ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. కొన్ని తెగలవారికి దొంగతనం కులవృత్తి అన్నది దాని వెనకున్న నమ్మకం. 1876లో ఇటలీ వైద్యుడు లోంబ్రోసో, పుర్రెలు కొలిచి, పుట్టు నేరస్థులుంటారని గ్రంథమే రాశాడు. 1913లో గోరింగ్ అనే ఇంగ్లాండు జైలు డాక్టరు సుమారు 3,000 మంది ఖైదీల కొలతలు తీసి, కాలేజీ విద్యార్థుల వంటి మామూలు జనంతో పోల్చి చూస్తే ఆ ప్రత్యేక లక్షణాలేవీ తేలలేదు.

కానీ ఇక్కడ చట్టం కదలలేదు. 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలు, నెల్లూరు యానాదులు అందులో చిక్కుకున్నారు. వేలిముద్రలియ్యాలి, పోలీసుల ముందు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా వెలసిందే. మన దిక్కు నిజాం రాజ్యంలోనూ పాలమూరు జిల్లా లింగాలలో ఇటువంటి సెటిల్‌మెంటు ఉండేది.

ఇందులోని కిటుకు గమనించండి. హాజరు తప్పితే శిక్ష. ఆ శిక్షే వాడు నేరస్థుడనడానికి సాక్ష్యం! తప్పని తేలే దారే లేని సిద్ధాంతాన్ని సైన్సు అనలేం.

బి.ఏ., బి.ఎల్. చదివిన రాఘవయ్యగారు స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొంటూనే యానాదుల సేవకు పూనుకున్నారు. చేపలు, ఎలుకలు పట్టి, అడవిలో తేనె తీసి పొట్టపోసుకునే ఆ జనంలో ఆయన చూసింది నేరగుణం కాదు, భూమీ చదువూ లేని పేదరికం. మా చౌటుప్పల్ చెలకలో ఆముదం ఎదగకపోతే మా నాయన విత్తనాన్ని తిట్టడు, ముందు నేలను చూస్తడు, వానను చూస్తడు. రాఘవయ్యగారు మనుషుల విషయంలో చేసిందీ అదే.

ఆయన వంటివారి పోరాట ఫలితంగా మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ ఆ చట్టం రద్దయింది. యానాదుల మీద 1962లో, సంచార జాతుల మీద 1968లో, గిరిజన తిరుగుబాట్ల మీద 1971లో ఆయన ఇంగ్లీషులో పుస్తకాలు వెలువరించారు. 1973లో పద్మభూషణ్ పొందిన ఆయన 1981లో కన్నుమూశారు.

చట్టం పోయింది గానీ అనుమానం పోలేదు. నేటికీ ఊళ్ళో ఏదైనా పోతే మొదటి చూపు ఊరవతలి గుడారాల మీదికే పోతుంది. మిత్రులారా, రేపు మనలో కొందరు పోలీసు అధికారులు, ప్లీడర్లు, పంతుళ్ళు అవుతారు. ఒక మనిషిని దొంగ అనే ముందు, అది చూసి అంటున్నామా, విని అంటున్నామా అని ఒక్కసారి ఆలోచించుకుంటే ఆ మహనీయునికి అదే నివాళి.