ఫాదర్ మెర్సెన్ తప్పిన లెక్క



మీ ఇంట్లో లెక్కలు చదివే బిడ్డ ఉంటే ఈ సంఖ్యను కాగితం మీద వేయించండి: 14,75,73,95,25,89,67,64,12,927. మొత్తం 21 అంకెలు. 67 రెండ్లను వరుసగా గుణించి, వచ్చినదానిలోనుంచి 1 తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. దీని వెనుక ఒక మఠవాసి జీవితం ఉంది. ఆయన ఫాదర్ మారిన్ మెర్సెన్.

1588 సెప్టెంబరు 8న, మరియమాత జన్మదిన పండుగనాడు, ఆయన ఫ్రాన్సు దేశపు పల్లెటూరిలో సామాన్య కుటుంబంలో పుట్టారు. లా ఫ్లెష్‌లోని యేసుసభ గురువుల కళాశాలలోనూ, ఆ తరువాత పారిసులోనూ చదివారు. 1611లో, పావొలాపురి పునీత ఫ్రాన్సిస్ స్థాపించిన మినిమ్ సభలో చేరారు. మినిమ్ అంటే అందరికంటె అల్పులు అని అర్థం. మాంసం, గుడ్లు, పాలు ఏడాది పొడుగునా ముట్టని కఠిన నియమం వారిది.

పారిసు మఠంలోని చిన్న గదే ఆయన లోకం. కాని ఆ గదికి ఎక్కడెక్కడి నుండో ఉత్తరాలు వచ్చేవి. డెకార్ట్, ఫెర్మా వంటి మహా పండితులు ఆయనకు వ్రాసేవారు. విజ్ఞాన పత్రికలు లేని ఆ రోజుల్లో ఒకరు కనుగొన్నది మరొకరికి చేరవేసింది ఆయనే. 1633లో గెలీలియోకు శిక్షపడిన మరుసటి ఏడాదే, యంత్రశాస్త్రం మీద గెలీలియో వ్రాసిన గ్రంథాన్ని ఫ్రెంచిలో వెలువరించారు.

ఇక మన సంఖ్య సంగతి. 1తోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. 7, 13, 31 అలాంటివి. రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే ఎప్పుడెప్పుడు ప్రధాన సంఖ్య వస్తుందో 257 వరకు ఒక పట్టికగా 1644లో ఫాదర్ మెర్సెన్ అచ్చువేశారు. అందులో 67 కూడా ఉంది. ఇంత పెద్ద సంఖ్యలను పరీక్షించడానికి కాలమంతా చాలదని ఆయనే ఒప్పుకొన్నారు. అయినా తనకు తోచినది దాచుకోలేదు.

ఆయన 1648 సెప్టెంబరు 1న కన్నుమూశారు. 1876లో ఫ్రాన్సుకు చెందిన లూకా, 67 విషయంలో పట్టిక తప్పని నిరూపించారు. కాని ఆ సంఖ్యను భాగించేవి ఏవో ఆయనకూ దొరకలేదు. 1903లో అమెరికా గణిత పండితుడు కోల్ ఒక సభలో నల్లబల్ల దగ్గర నిలబడి, నోరు మెదపకుండా రెండు సంఖ్యలను గుణించి చూపారని చెబుతారు: 19,37,07,721ని 7,61,83,82,57,287తో. జవాబు సరిగ్గా మన 21 అంకెల సంఖ్యే!

1947 నాటికి పట్టిక పరీక్ష పూర్తయింది. 67, 257 తప్పు; 61, 89, 107 విడిచిపెట్టారు. అయిదు పొరపాట్లన్నమాట. అయినా లోకం ఆయన పేరు తీసివేయలేదు. ఇలాంటి ప్రధాన సంఖ్యలను నేటికీ మెర్సెన్ సంఖ్యలనే అంటారు. 2024లో 52వది దొరికింది. దానిలో 4 కోట్లకు పైగా అంకెలున్నాయి.

లెక్క తప్పిందని బిడ్డను కసిరే ముందు ఈ గురువును ఒకసారి తలచుకోండి. నలుగురి ముందు పెట్టిన తప్పును దిద్దేవారు ఏనాటికైనా వస్తారు. తప్పుతుందేమోనని పలక దాచుకొన్న బిడ్డకు దిద్దేవారెవరు?