డార్లింగ్ గారి పొరపాటు

మన బడి ల్యాబులో ఒకే మైక్రోస్కోపు ఉండేది. సైన్సు మాస్టారు ఉల్లిపొర పెట్టి, ముందు కనిపించింది కనిపించినట్టు గీయమనేవారు, పేర్లు తర్వాత రాయమనేవారు. పాథాలజిస్టునయ్యాక శామ్యూల్ డార్లింగ్ గురించి చదివినప్పుడు ఆ పాఠం విలువ తెలిసింది.

డార్లింగ్ 1872లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టారు. 1903లో బాల్టిమోర్‌లో వైద్యవిద్య ముగించి, 1905లో కాలువ తవ్వుతున్న పనామాకు వెళ్ళి, అంకాన్ ఆస్పత్రి ల్యాబులో చేరారు. ఆ డిసెంబరులో మార్టినీక్ దీవి నుంచి వచ్చిన ఒక వడ్రంగి చనిపోయాడు. శవపరీక్షలో ఊపిరితిత్తుల నిండా గింజలంత బొడిపెలు. ఎవరు చూసినా క్షయ అనేస్తారు. ఆయన మైక్రోస్కోపు కింద వెతికితే క్షయ క్రిములు లేవు. కణాల లోపల గుండ్రటి చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కోదాని చుట్టూ తెల్లటి వలయం.

1903లో ఇంగ్లండులో లీష్మన్, మన మద్రాసులో డోనవన్ కాలా అజార్ క్రిమిని ప్రకటించి ఉన్నారు. డార్లింగ్ దానితో పోల్చి, తేడా పట్టుకున్నారు. 1906లో దీన్ని కొత్త ప్రోటోజోవాగా భావించి హిస్టోప్లాస్మా కాప్సులేటమ్ అన్నారు. కాప్సులేటమ్ అంటే తొడుగు ఉన్నది.

అది ప్రోటోజోవా కాదు, దానికి తొడుగూ లేదు. 1912లో బ్రెజిల్‌కు చెందిన రోచా లిమా ఇది ఫంగస్ అయి ఉండాలన్నారు. 1934లో డిమాన్‌బ్రన్ ల్యాబులో పెంచి రుజువు చేశారు. ఆ వలయం స్లైడు తయారీలో కణం కుంచించుకుపోగా మిగిలిన ఖాళీ. పేరు మాత్రం ఈనాటికీ అదే.

నేనూ కొత్తలో ఒక ఊపిరితిత్తి ముక్క చూసి, అలవాటుగా క్షయ అని రాశాను. మా పెద్ద డాక్టరు గారు ఏమీ అనకుండా సిల్వర్ స్టెయిన్ చేయించారు. మామూలు రంగులో నా కంటికి ఆనని ఫంగస్, ఆకుపచ్చ నేలమీద ఆవాలు చల్లినట్టు నల్లగా తేలింది. రిపోర్టు మార్చాం, రోగికి మందులు మారాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డార్లింగ్ 1925లో నానాజాతి సమితి మలేరియా కమిషన్ పనిమీద తిరుగుతూ బీరూట్ దగ్గర కారు ప్రమాదంలో పోయారు. వయసు 53. ఆయన పేరు పెట్టడంలో పొరబడ్డారు గానీ, చూసింది చూసినట్టు రాశారు. అందుకే తర్వాతివాళ్ళు సరిదిద్దగలిగారు. నేను చూడకుండానే పేరు రాశాను.

ఇప్పుడు నా దగ్గర చేరే పిల్లలకు మొదటి రోజు పెన్సిలు ఇస్తాను. ఎందుకో వాళ్ళకు తెలియదు, మీకు తెలుసు.